స్పెల్లింగ్స్ బట్టీ పట్టించాలా, ముక్కలు చేసి రూల్స్‌తో నేర్పాలా?

సిరి_వాళ్ళమ్మ

అందరికీ నమస్తే. మా పాప నాలుగో క్లాసు, ఇంగ్లీష్ మీడియం. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. నాకు ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది గానీ మాట్లాడటం అంతంత మాత్రం. స్కూల్లో ప్రతి శనివారం డిక్టేషన్ పెడతారు, తప్పు పోయిన ప్రతి మాటా పదిసార్లు ఇంపొజిషన్ రాసుకెళ్ళాలి. శుక్రవారం రాత్రి మా ఇంట్లో ఒకటే రాగం, "బి ఈ ఏ యు, టి ఐ, ఎఫ్ యు ఎల్" అని. శనివారం కరెక్టుగానే రాసేస్తుంది. మంగళవారం అదే మాట అడిగితే తెల్లమొహం వేస్తుంది.

చదవడం మాత్రం బాగానే చదువుతుంది, రాసేటప్పుడే తంటా. కప్ రాయమంటే సి యు పి పి అని చివర రెండు పి లు పెట్టింది. ర్యాబిట్‌కేమో ఒక్కటే బి. బ్యాక్ అంటే బి ఏ కె. హాపింగ్ రాయమంటే ఒక్క పి తో రాసింది, టీచర్ పక్కన "హోపింగ్?" అని రాసి పంపారు. డాక్టర్, టీచర్, గ్రామర్ మూడింటికీ చివర ఏ ఆర్ పెట్టేస్తోంది.

యూట్యూబ్‌లో చూస్తే మాటని సిలబుల్స్‌గా, అంటే పలికే ముక్కలుగా విడగొట్టండి, ఆరు రకాల సిలబుల్స్ ఉంటాయి, రూల్స్ నేర్పండి అంటున్నారు. ఒకావిడ ముప్పై రూల్స్ చెప్పింది, మూడోదానికే నాకు టెన్షన్ మొదలైంది. ఇదంతా తెలుగు పిల్లలకి పనిచేస్తుందా? పనిచేస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ రూల్స్ పేర్లు కూడా పాపతో చెప్పించాలా?

బడి_గంట

మేడమ్, నేను ప్రైమరీ స్కూల్లో మూడు, నాలుగు, ఐదు తరగతులకి ఇంగ్లీష్ చెప్తాను. మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు: పేర్లు అస్సలొద్దు. ఆరు రకాల సిలబుల్స్ పేర్లు అప్పజెప్పే పిల్లలు ర్యాబిట్ తప్పు రాయడం నేను చూస్తూనే ఉన్నాను.

మీరు చెప్పిన తప్పుల్లో ఆ డాక్టర్, టీచర్ గొడవ పక్కన పెడితే మిగతావన్నీ ఒకే చోట నుంచి వస్తున్నాయి. హ్రస్వం, దీర్ఘం. ఇంగ్లీష్‌లో అచ్చు అక్షరం తన పేరు తానే చెప్పుకుంటే అది దీర్ఘం అనుకోండి: కేక్‌లో ఏ, పైన్‌లో ఐ, హోప్‌లో ఓ, క్యూట్‌లో యు. పేరు చెప్పుకోకపోతే హ్రస్వం: క్యాప్, పెన్, పిన్, హాప్, కట్. మన ఇ, ఈ లాగా ఒకే ధ్వనిని సాగదీయడం కాదిది, ధ్వనే మారిపోతుంది. అందుకే "ఇది పొట్టిది, ఇది పొడుగుది" అంటే పిల్లలు తికమకపడతారు, "పేరు చెప్పుకుందా లేదా" అని అడిగితే టక్కున చెప్పేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. హ్రస్వం హ్రస్వంగా ఉండాలంటే దాని పక్కన రెండు హల్లులు కాపలా ఉండాలి. ఒక్క హల్లే ఉండి, దాని అవతల ఇంకో అచ్చు వచ్చిందంటే మామూలుగా ఇవతలి అచ్చు దీర్ఘమైపోతుంది. హెచ్ ఓ పి కి ఐ ఎన్ జి కలిపేటప్పుడు ఇంకో పి వేయకపోతే అది హోపింగే అవుతుంది, మీ పాప టీచర్ అడిగింది అదే. డిన్నర్‌లో ఒక ఎన్ తీసేయండి, డైనర్ అవుతుంది. సప్పర్‌లో ఒక పి తీసేయండి, సూపర్ అవుతుంది. హోప్, మేక్, పైన్ చివర పలకని ఈ ఎందుకుందంటే కూడా ఇందుకే, ఒక్క హల్లు అవతల నిలబడి ముందున్న అచ్చుతో దాని పేరు చెప్పిస్తోంది. టేబుల్‌లో ఒక్క బి, బబుల్‌లో మధ్యలో రెండు బి లు, లిటిల్‌లో రెండు టి లు, అన్నీ ఇదే లెక్క.

బ్యాక్ చివర సి కె రావడం కూడా ఇదే. హ్రస్వం పక్కనే కకారం వచ్చింది కాబట్టి కె కి తోడుగా సి. మిల్క్‌లో, బ్యాంక్‌లో మధ్యలో ఇంకో హల్లు ఉంది కాబట్టి ఒక్క కె చాలు. సీక్‌లో హ్రస్వమే లేదు. ఇలాగే క్యాచ్‌లో టి సి హెచ్, బీచ్‌లో ఉత్త సి హెచ్. బ్రిడ్జ్‌లో డి జి ఈ, పేజ్‌లో ఉత్త జి ఈ. రిచ్, మచ్, సచ్, విచ్ (ఏది అనే విచ్) ఈ లెక్కకి రావు, వాటిని విడిగా నేర్పేయండి. ముప్పై రూల్స్ అని ఆవిడ చెప్పినదాంట్లో సగం ఈ ఒక్కదాని పిల్లలే అయి ఉంటాయి.

తెలుగు పిల్లలకి పనిచేస్తుందా అన్నారు. నన్నడిగితే మనవాళ్ళకే బాగా పనిచేస్తుంది. మన ఇళ్ళల్లో ఇంగ్లీష్ మాటలకి చివర ఉకారం ఎలా చేర్చుకున్నామో చూడండి: పెన్ను, పిన్ను, కప్పు, బస్సు, బిల్లు. హ్రస్వం ఉంటే హల్లు ద్విత్వం అయింది. కేకు, గేటు, సీటు, ప్లేటు, బోటు, ట్యూబు. దీర్ఘం ఉంటే ఒక్క హల్లే. రోడ్డు ఒకటి గీత దాటింది గానీ మొత్తం మీద బడి మొహం చూడని అమ్మమ్మలు కూడా ఈ లెక్క తప్పరు. మీ పాప కప్‌కి రెండు పి లు పెట్టింది ఈ చెవితోనే. ఆలోచన సరైనదే, చోటే తప్పు. ఇంగ్లీష్ మాట హల్లు దగ్గర ఆగిపోతే అవతల అచ్చు లేదు కదా, ఇక రెండోది అక్కర్లేదు. ఐ ఎన్ జి లాగా అచ్చుతో మొదలయ్యే తోక తగిలితేనే కావాలి. చిన్న మాటల చివర ఎఫ్, ఎల్, ఎస్, జెడ్ మాత్రం రెట్టింపవుతాయి (ఆఫ్, బెల్, మిస్, బజ్), దాంట్లో కూడా బస్, గ్యాస్ లొంగవు.

ఒక జాగ్రత్త. మనం కప్పు అన్నప్పుడు రెండు ప లూ నిజంగా పలుకుతాం, ఇంగ్లీష్‌వాళ్ళు ర్యాబిట్‌లో ఒక్క బి నే పలుకుతారు. పాప వినబడ్డట్టే రాసింది. కాబట్టి "బి ఒకటి వినబడిందా రెండా" అని అడగొద్దు, "బి ముందున్న ఏ తన పేరు చెప్పుకుందా" అని అడగండి. రబ్బరు, సమ్మరు, డిన్నరు లాంటివి మనం ఎలాగూ ఒత్తి పలుకుతాం కాబట్టి అక్కడ మొదలుపెడితే సులువు.

ఇక ముక్కలు. మన పిల్లలు బాస్కెట్‌ని బా-స్కె-ట్ అని, పెన్సిల్‌ని పె-న్సి-ల్ అని విడగొడతారు, మనం రాసేది అలాగే కాబట్టి. ఇంగ్లీష్‌కి కావాల్సింది బాస్-కెట్, పెన్-సిల్. హైస్కూల్లో ఛందస్సు చెప్పేటప్పుడు సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అంటాం కదా, పలికేటప్పుడు ఆ హల్లు ముందు అక్షరం మీద ఆనుతుంది కాబట్టే. అంటే చెవికి తెలుసు, చేతికే తెలియదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పలకమనండి, ఎన్నిసార్లు గడ్డం కిందికి దిగితే అన్ని ముక్కలు, ముక్కకో అచ్చు ఉండి తీరాలి. ముందు రెండు రకాలే చాలు: హల్లుతో మూసుకునేది (ర్యాబ్-బిట్, బాస్-కెట్), అచ్చు దగ్గర తెరిచి ఉండేది (టై-గర్, మ్యూ-జిక్). మూసుకున్నదాంట్లో హ్రస్వం, తెరిచి ఉన్నదాంట్లో దీర్ఘం. ఒక ముక్క పలకాలి, ఆ ముక్క రాయాలి, తర్వాత రెండోది. అక్షరాల రాగం మానేయండి, దాంట్లో ఏ అక్షరం ఏ ధ్వనికో పిల్లకి తెలియదు, పాటలో ఒక్క చోట తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది.

సగం_ఇంజనీర్

సార్ మీ ఓపికకి దండం గానీ, ఇంగ్లీష్‌కి రూల్స్ ఏంటండీ. వన్ అనే మాటలో డబ్ల్యు ఎక్కడుంది? గివ్, హావ్, లవ్, కమ్, అన్నిటి చివరా ఈ ఉంది, ఏదీ దీర్ఘం అవ్వలేదే? ఐ ముందు ఈ తర్వాత, సి వెనక అయితే తలకిందులు అని మాకు పాటలా చెప్పారు, రిసీవ్‌కి పనికొచ్చింది, సీలింగ్‌కి పనికొచ్చింది, ఆ తర్వాత వియర్డ్, సీజ్, నైబర్, సైన్స్ అన్నీ ఎదురు తిరిగాయి. పాపం నాలుగో క్లాసు పిల్లకి రూలూ నేర్పి, దాని మినహాయింపులూ నేర్పే బదులు కథల పుస్తకాలు కొనిచ్చి వదిలేయండి, కంటికి అలవాటైతే చెయ్యి అదే రాస్తుంది. మేమంతా బట్టీలోంచే వచ్చాం, ఇప్పుడేమో ఫోనే దిద్దేస్తోంది.

డాలస్_నాన్న

సగం_ఇంజనీర్ గారూ, గివ్, హావ్, లవ్ కి కారణం ఉందండీ. ఇంగ్లీష్ మాటని వి అక్షరంతో ముగించరు, ఏవో కొన్ని కుదించిన మాటలు తప్ప. దీర్ఘం కోసం కాదు, వి ఒంటరిగా మిగలకూడదని ఆ ఈ పెడతారు. ఈ ఒక్కటి తెలిస్తే లివ్, గ్లవ్, స్లీవ్, ట్వెల్వ్ అన్నిటికీ చివర ఈ పెట్టడం వచ్చేస్తుంది. ఐ, ఈ పాట గురించి మాత్రం మీతో ఏకీభవిస్తాను, అది నేర్పకపోవడమే మేలు, పిల్లలకి అవసరమయ్యేవి కొన్నే, విడివిడిగా నేర్పితే సరి.

రూల్స్ ఎంతవరకు పనికొస్తాయో 1966లోనే లెక్క తేల్చారు. స్టాన్‌ఫర్డ్‌లో పాల్ హానా, ఆయన జట్టు 17,000 మాటలు తీసుకుని, కంప్యూటర్‌కి ధ్వనికీ అక్షరానికీ ఉన్న సంబంధాలు మాత్రమే చెప్పి స్పెల్లింగ్ రాయమన్నారు. దాదాపు సగం మాటలు పూర్తిగా కరెక్టుగా రాసింది. మిగతావాటిలో ఎక్కువ భాగం ఒక్క ధ్వని దగ్గరే తప్పింది. అది 1966 కంప్యూటర్, దానికి మాట అర్థం తెలియదు, పుట్టుక తెలియదు. కాబట్టి "రూల్సే లేవు" అనడమూ కుదరదు, "అన్నిటికీ రూలే" అనడమూ కుదరదు.

ఆ మిగిలినవాటికి చరిత్ర ఉంది. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డాయి, పలుకుబడి మాత్రం దాని దారిన అది మారుతూ పోయింది. నీ (మోకాలు), నైఫ్, నైట్ (గుర్రపు యోధుడు) మొదట్లో కె ని ఒకప్పుడు నిజంగానే పలికేవాళ్ళు. డెట్ (అప్పు) లో బి ఎవరూ ఎప్పుడూ పలకలేదు, లాటిన్ మాట డెబిటుమ్‌ని గుర్తుచేయాలని పండితులు దూర్చారు. ఐలండ్‌లో ఎస్ కూడా అలా వచ్చి కూర్చున్నదే. ఇవి కథగా చెప్తే మా వాడికి ఇంపొజిషన్ లేకుండానే గుర్తున్నాయి.

ఇక్కడ అమెరికాలో ఈ సిలబుల్ రకాలు ఎక్కువగా వినబడేది డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఉండే ఇబ్బంది) ఉన్న పిల్లలకి చెప్పే ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతిలో. 1930ల నుంచి ఉంది. ఇప్పుడు మామూలు క్లాసుల్లోనూ అలాంటివి చెప్తున్నారు. మనవాళ్ళు ఎగబడే స్పెల్లింగ్ బీ, అంటే పిల్లల స్పెల్లింగ్ పోటీ, సంగతి వేరు. 2024లో నేషనల్ స్పెల్లింగ్ బీ గెలిచిన బృహత్ సోమ, మన తెలుగు కుటుంబం అబ్బాయే, అతని గెలుపు మాట ఆబ్‌సైల్. అది జర్మన్ మాట, తాడు పట్టుకుని కొండ దిగడం. ఐ అని వినబడే చోట ఈ ఐ రాయాలంటే అది జర్మన్ అని తెలియాలి, సిలబుల్స్ లెక్కేస్తే రాదు. ఆ వీడియోలు చూసి నాలుగో క్లాసు పిల్లని గ్రీకు, లాటిన్ లోకి దింపకండి. మా చుట్టుపక్కల అలా దింపినవాళ్ళని చూస్తున్నాను, పిల్లలకి ఆదివారం లేదు.

సిరి_వాళ్ళమ్మ

బడి_గంట గారూ, చాలా చాలా థాంక్స్. ఇవాళ సాయంత్రమే కూర్చోబెట్టాను. పెన్ను, కేకు సంగతి చెప్తే పాప పడీపడీ నవ్వింది, వాళ్ళ తాతయ్య మాట్లాడే ఇంగ్లీష్ మాటలన్నీ ఏరుకొచ్చి ఏది ద్విత్వం, ఏది కాదు అని నాకే పరీక్ష పెట్టింది. రబ్బర్, సమ్మర్ రెండూ కరెక్టుగా రాసింది. డైనర్ అనే మాట నిజంగా ఉందా అని అడిగింది, ఉందని డిక్షనరీలో చూపించాను.

ఇంకా రెండు అడుగుతాను, విసుక్కోకండి. ఒకటి, ఆ డాక్టర్, టీచర్, గ్రామర్. ఎన్నిసార్లు ముక్కలు చేసినా చివర అర్ అనే వినబడుతోంది, ఏ అచ్చు రాయాలో ఎలా తెలుస్తుంది? రెండు, బిగినింగ్‌లో ఐ ఎన్ జి కి ముందు ఎన్ రెండుసార్లు వచ్చింది, ఓపెనింగ్‌లో ఒక్కసారే ఉంది. రెండిట్లోనూ ఎన్ ముందు హ్రస్వమే కదా?

కంది_పచ్చడి

మొదటిదానికి నేను చెప్తానండీ, ప్రూఫ్ రీడింగ్ నా పని, రోజూ ఇవే దిద్దుతుంటాను.

అక్కడ ముక్కలు చేసినా లాభం లేదు. ఇంగ్లీష్‌లో మాట మొత్తం మీద ఒక ముక్కనే ఊది పలుకుతారు, మిగతా ముక్కల్లో అచ్చు చాలాసార్లు నీరసపడి అ లాంటి శబ్దంగా మిగిలిపోతుంది. ఏ, ఈ, ఓ ఏది రాసినా చెవికి ఒకటే. మీ పాప ఏ పెట్టిందంటే మన లెక్కన అ కి ఏ కాబట్టి, న్యాయమే.

మనుషుల పనుల మాటలకి మామూలుగా ఈ ఆర్: టీచర్, ఫార్మర్, సింగర్, డ్రైవర్. చివర క్టర్ అని క కింద ట వత్తు వినబడిందా, ఓ ఆర్: డాక్టర్, యాక్టర్, కలెక్టర్, కండక్టర్, డైరెక్టర్, ఇన్‌స్పెక్టర్, ట్రాక్టర్. మన ఊళ్ళో రోజూ నలిగే మాటలే ఇన్ని ఉన్నాయి చూడండి. క్యారెక్టర్ ఒక్కటి మోసం చేస్తుంది, దానికి ఈ ఆర్. ఏ ఆర్ వచ్చేవి తక్కువ, గ్రామర్, షుగర్, డాలర్, క్యాలెండర్, కాలర్ లాంటివి, ఇవి రాసి గోడకి అంటించేయండి.

ఇంకో దారి చుట్టాలని వెతకడం. గ్రామర్‌లో వినబడని ఏ గ్రమాటికల్‌లో గట్టిగా వినబడుతుంది. ఎడిటర్‌లో దాక్కున్న ఓ ఎడిటోరియల్‌లో బయటికొస్తుంది. సైన్‌లో పలకని జి సిగ్నేచర్‌లో పలుకుతుంది. డెఫినిట్ చివర ఏ టి ఈ రాసి నా ప్రాణం తీస్తారు జనం, దాంట్లో ఫైనైట్ ఉందని గుర్తుంటే ఐ టి ఈ అని తెలిసిపోతుంది. నాలుగో క్లాసుకి ఇవన్నీ అక్కర్లేదు, సైన్, సిగ్నేచర్ ఒక్కటి చూపించండి, మిగతావి పెద్దయ్యాక తనే పట్టుకుంటుంది.

రాయడానికని ఒక దొంగ పలుకు పెట్టుకోవడం కూడా మంచిదే. వెడ్-నెస్-డే అని మనం ఎలాగూ అనుకుంటాం. ఫిబ్రవరి అని తెలుగులో చక్కగా రెండు ర లూ పలుకుతాం, ఇంగ్లీష్‌వాళ్ళలో చాలామంది మొదటి ఆర్‌ని మింగేసి రాసేటప్పుడు కూడా వదిలేస్తారు.

షన్ కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఎలాగూ రేపు అడుగుతారు. స్టేషన్, నేషన్, యాక్షన్, ఎక్కువ వాటికి టి ఐ ఓ ఎన్. మనిషయితే సి ఐ ఏ ఎన్, మ్యుజీషియన్, మెజీషియన్. టెలివిజన్‌లా జన్ అని వినబడితే ఎస్ ఐ ఓ ఎన్. మిషన్ భగీరథలో మిషన్‌కి రెండు ఎస్‌లు, కుట్టు మిషన్ అసలు మిషన్ కాదు కాబట్టి దాన్ని ఇందులోకి లాగకండి.

బడి_గంట

రెండోది నేను చెప్తాను. బిగిన్‌లో ఊనిక, అంటే ఊది పలకడం, చివరి ముక్క మీద ఉంది, బి-గిన్. ఓపెన్‌లో మొదటి ముక్క మీద ఉంది. తోక తగిలినప్పుడు ఊనిక చివరి ముక్క మీద ఉంటేనే హల్లు రెట్టింపవుతుంది: బిగినింగ్, ఫర్‌గెటింగ్, అడ్మిటెడ్. మొదటి ముక్క మీద ఉంటే అవ్వదు: ఓపెనింగ్, విజిటెడ్, లిజనింగ్. తెలుగులో ఏ ముక్కని ఊది పలికినా అర్థం మారదు కాబట్టి మన చెవి దీన్ని పట్టుకోదు, పెద్దవాళ్ళకే కష్టం. నేనైతే దీన్ని ప్రైమరీలో ముట్టుకోను. బిగినింగ్ ఒక్కటీ గుర్తుపెట్టించండి, చాలు. ట్రావెలింగ్‌కి మన పుస్తకాల్లో రెండు ఎల్‌లు ఉంటాయి, అది బ్రిటిష్ పద్ధతి, అమెరికాలో ఒక్కటే, ఫోన్‌లో అమెరికన్ డిక్షనరీ పెట్టుకుని ఉంటే ఎర్ర గీత వస్తుంది, పట్టించుకోకండి.

సగం_ఇంజనీర్ గారన్న కథల పుస్తకాలు కూడా తప్పకుండా కొనండి, ఆ మాట నిజమే. అయితే బాగా చదివే పిల్లలు కూడా తప్పులు రాస్తారు, మీ పాపే సాక్ష్యం. చదివేటప్పుడు మాట ఆకారం చూసి దాటిపోవచ్చు, రాసేటప్పుడు ఒక్కో అక్షరానికీ జవాబు చెప్పుకోవాలి.

ఇంపొజిషన్ స్కూలు మానదు కాబట్టి దాన్నే వాడుకోండి. మొదటి రెండు మూడుసార్లు ముక్కల మధ్య ఖాళీ వదిలి, ముక్కముక్కా పలుకుతూ రాయించండి. ఆ తర్వాత పైవి చేత్తో మూసి, చూడకుండా రాయాలి. రాశాక పోల్చి చూసుకోవాలి. పది పూర్తయ్యేసరికి ఏడుసార్లు తనకి తనే డిక్టేషన్ పెట్టుకున్నట్టు అవుతుంది, టీచర్‌కి కావాల్సిన పదీ పేజీలో ఉంటాయి. శుక్రవారం రాత్రికి అన్నీ కుప్ప వేయకుండా సోమవారం నుంచి రోజుకి నాలుగైదు మాటలు, వాటితో పాటు పోయిన వారం తప్పు పోయినవి రెండు. తప్పు రాస్తే మొత్తం కొట్టేయొద్దు, ఏ ముక్క తప్పిందో దాని కింద మాత్రం గీత గీయండి, ర్యాబిట్‌లో ఆరు అక్షరాలకి ఐదు కరెక్టే కదా.